గొట్టం లేని పరీక్ష

మా పెద్దప్పకు పెద్దపేగులో కేన్సర్ అని తెలిసేనాటికి నేనూ మా తమ్ముడూ మాట్లాడుకుని ఏడేళ్ళు దాటింది.

మా వైపు అక్కను అప్ప అంటాం. మేం ముగ్గురం. పెద్దప్ప శ్రీముఖలింగం దగ్గర, మేం పుట్టిన ఊళ్ళోనే మేనత్త కొడుకును చేసుకుని అక్కడే వ్యవసాయంలో ఉండిపోయింది. నేను మధ్యదాన్ని. విజయనగరంలో మట్టి నమూనాలు పరీక్షించే ప్రభుత్వ ప్రయోగశాలలో పనిచేసి రిటైరయ్యాను. తమ్ముడు నెల్లిమర్ల జూట్ మిల్లులో ముప్ఫై ఏళ్ళు మగ్గాల దగ్గర పనిచేశాడు. ఆ చప్పుడులో బతికినవాళ్ళకు గొంతు పెద్దదవుతుంది, చెవి చిన్నదవుతుంది. మావాడు పక్కనున్న మనిషితో గుట్టుగా మాట్లాడానని అనుకున్నది కూడా వీధి చివరికి వినబడుతుంది.

పెద్దప్పకు ఏడాదిగా దొడ్డికి వెళ్ళినప్పుడు రక్తం పడుతోంది. మొలలనుకుంది. కారం మానేసింది, ఎవరో ఇచ్చిన చెట్టుమందు తిన్నది. మొగుడికి కూడా చెప్పలేదు. ఊడ్పుల రోజున మడిగట్టు మీద కూలబడిపోతే అప్పుడు శ్రీకాకుళం తీసుకెళ్ళారు. అక్కడి నుంచి విశాఖపట్నం పంపించారు. ఆపరేషన్ చేసి ఎడమవైపు పేగులో జానెడు ముక్క తీసేశారు.

ఆసుపత్రిలో ఉన్న పన్నెండు రోజులూ పగటిపూట నేను ఉన్నాను. తమ్ముడు కూడా రోజు విడిచి రోజు వచ్చాడు, కానీ నేను స్నానానికీ భోజనానికీ బస చేసిన ఇంటికి వెళ్ళిన సమయం చూసుకుని వచ్చేవాడు. నేను తిరిగొచ్చేసరికి బల్ల మీద బత్తాయిలు ఉండేవి. "తమ్ముడొచ్చి ఎల్లేడు" అనేది పెద్దప్ప. నేను బత్తాయి ఒలిచి ఇచ్చేదాన్ని. అంతకుమించి ఆ సంగతి నడిచేది కాదు.

ఇంటికి పంపించే రోజున ఆపరేషన్ చేసిన డాక్టరు నన్ను అడిగాడు.

"ఈమెకు తోబుట్టువులు ఎంతమంది?"

"ఇద్దరం సార్. నేనూ, ఒక తమ్ముడూ."

"మీ ఇద్దరూ పెద్దపేగు పరీక్ష చేయించుకోవాలి. బాధేమీ లేకపోయినా సరే. ఒకరికి వస్తే తోడబుట్టినవాళ్ళకు వచ్చే అవకాశం మిగతావాళ్ళ కంటే ఎక్కువ. మొదట్లోనే కనిపెడితే ఇంత పెద్ద ఆపరేషన్ దాకా రాదు. మీ తమ్ముడికి మీరు చెబుతారా?"

"చెబుతాను సార్" అన్నాను.

పెద్దప్ప మంచం మీద నుంచి విన్నది. డాక్టరు వెళ్ళాక, "నాను ఫోన్ సేసి సెప్పను. నువ్వే సెప్పాల" అంది.

మాటలు ఎందుకు ఆగిపోయాయో చెప్పాలి. తమ్ముడికి కూతురు పుట్టినప్పుడు పురిటిగదిలో ఆ పిల్లను ఎత్తుకుని "ఇది నా కోడలు" అన్నాను. అప్పటికి నా కొడుక్కి నాలుగేళ్ళు. అలాంటి మాటలు అందరూ అంటారు. నేనూ అన్నాను, తర్వాత కూడా చాలాసార్లు అన్నాను. తమ్ముడు దాన్ని ఇచ్చిన మాటగానే పట్టుకున్నాడు. తీరా పెళ్ళీడుకు వచ్చాక నా కొడుకు, తనతో పనిచేసే అమ్మాయిని చేసుకుంటానన్నాడు. వాణ్ణి ఒప్పించడానికి ప్రయత్నించాను, కాలేదు. తమ్ముడికి ఈ సంగతి చెప్పాలి. ఇవాళ, రేపు అంటూ నెల గడిపాను. చివరికి మా ఆడపడుచు భర్త చేత కబురంపాను. ఆయన సమయం సందర్భం చూసుకోలేదు. ఎవరి పెళ్ళిలోనో భోజనాల పంక్తిలో పక్కన కూర్చున్నప్పుడు మా తమ్ముడికి చెప్పేశాడు. తమ్ముడు సగం తిన్న విస్తరి ముందు నుంచి లేచిపోయాడట. ఆ తర్వాత ఏడాదికి కూతురి పెళ్ళి పార్వతీపురం సంబంధంతో చేశాడు. శుభలేఖ మా ఇంటికి రాలేదు.

మూడేళ్ళ కిందట తమ్ముడికి గుండెలో స్టెంటు వేశారు. ఆ ఆసుపత్రి మా ఇంటికి ఆటోలో పది నిమిషాలు. మా ఆయన వెళ్ళి చూసి వచ్చాడు. నేను వెళ్ళలేదు. ఆయన తిరిగొచ్చాక ఎలా ఉన్నాడని అడిగాను. బాగానే ఉన్నాడన్నాడు. అన్నం వడ్డించాను.

పెద్దప్ప ఇంటికి చేరిన తర్వాత కూడా నేను మూడు వారాలు ఆగాను. ఆమె రోజూ ఫోన్లో అడిగేది, "తమ్ముడికి సెప్పేవేటి?" అని. ఒక ఆదివారం ఉదయం నంబరు నొక్కాను.

"ఎవరు?" అన్నాడు. నా నంబరు లేక అడిగాడో, ఉండి అడిగాడో తెలియదు.

"నేనేరా."

"పెద్దప్పకేటైనా అయిపోనాదేటి?" అన్నాడు.

"ఏటీ అవలేదు. బాగానే ఉన్నాది. నీ గురించే సేసేను. నీకు దొడ్డికి సరిగ్గా అవతన్నాదా? రక్తం గానీ పడతన్నాదేటి?"

"ఏడేళ్ళకి ఫోన్ సేసి అడగడానికి నీకు ఇదే దొరికినాదేటి?" అన్నాడు.

డాక్టరు చెప్పింది చెప్పాను. పరీక్ష అంటే ఏమిటని అడిగాడు. వెనక నుంచి కెమెరా ఉన్న గొట్టం పంపించి పేగంతా చూస్తారని చెప్పాను.

"నాకొద్దు. నాకేటీ లేదు. గుండెలో ఒకటి ఎట్టించుకున్నాను, సాలు. రోజూ రక్తం పల్చబడే మాత్ర మింగతన్నాను. మళ్ళీ ఈ గొట్టాలు నాకెందుకు?"

ఫోన్ పెట్టేశాడు. కోపంగా పెట్టేశాడని కూడా చెప్పలేను. అతని మామూలు గొంతే అంత.

ముందు నా పరీక్ష చేయించుకున్నాను. అది సగంలో ఆగిపోయింది. ఇరవై ఏళ్ళ కిందట నాకు గర్భసంచి ఆపరేషన్ అయింది. దాని అతుకుల వల్ల పేగు ఒకచోట లాక్కుపోయి మెలిక పడి ఉందట. గొట్టం అక్కడి నుంచి ముందుకు పోలేదు.

"బలవంతం చేస్తే పేగుకు ప్రమాదం" అన్నాడు కడుపు డాక్టరు. "మిగతా భాగాన్ని స్కాన్లో చూద్దాం. పేగును శుభ్రం చేసుకుని వస్తే, కాస్త గ్యాస్‌తో ఉబ్బించి సి.టి. తీస్తారు. మత్తు అక్కర్లేదు. ఆ బొమ్మలను కంప్యూటర్ కలిపి, లోపల నడుచుకుంటూ వెళ్ళినట్టు చూపిస్తుంది."

"మా తమ్ముడు గొట్టానికి ఒప్పుకోవడం లేదు. అతనికి గుండెలో స్టెంటు ఉంది. అతనికి ఈ స్కాన్ చేయవచ్చా సార్?"

"చేయవచ్చు. గుండె మాత్రలు ఆపే పని కూడా లేదు. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. అందులో ఏదైనా కనబడితే తీయడానికి మాత్రం గొట్టమే వేయాలి. స్కాన్ చూస్తుంది, తీయదు. ఆ మాట అతనికి ముందే చెప్పండి."

స్కానింగ్ సెంటర్‌కు వెళ్ళి వివరాలు కనుక్కున్నాను. అది విజయనగరంలోనే ఉంది. అక్కడ స్కాన్ తీసే అమ్మాయి ఓపికగా అన్నీ చెప్పింది. గ్యాస్ ఎక్కించడానికి చిన్న రబ్బరు గొట్టం వెనక నుంచి పెడతారట. చిటికెన వేలంత లావు, రెండు అంగుళాలు లోపలికి పోతుంది, అంతే.

తమ్ముడికి రెండోసారి ఫోన్ చేశాను. "గొట్టం కాదురా. స్కానింగ్. బల్ల మీద పడుకోవడమే" అన్నాను.

"పైనుంచి ఫొటో తీస్తారు, అంతే కాదేటి?"

"అంతే."

డాక్టరు చెప్పమన్న మాట చెప్పలేదు. రబ్బరు గొట్టం సంగతీ చెప్పలేదు. మరచిపోయి కాదు.

ఇద్దరికీ ఒకే రోజు ఇచ్చారు. ముందురోజు మధ్యాహ్నం నుంచి విరేచనాల మందు తాగాలి. తాగినవాడు మర్నాడు పొద్దున్నే నెల్లిమర్ల నుంచి బస్సులో రావడం మంచిది కాదని, అతన్నీ మరదల్నీ ముందురోజే మా ఇంటికి రమ్మన్నాను. నేను పిలవడం, అతను రావడం అంత సులువుగా ఎలా జరిగిపోయాయో నాకు ఆశ్చర్యమే. ఆసుపత్రి పని అంటే మనుషులు మామూలు లెక్కలు పక్కన పెడతారు.

మాది పాత ఇల్లు. మరుగుదొడ్డి ఒక్కటే, పెరటి వైపు ఉంటుంది. ఈ సంగతి ఇద్దరం మందు తాగేదాకా నాకు తట్టలేదు. మా ఆయనకు మాత్రం పొద్దున్నే తట్టింది. "నేను సాయంత్రం వరకూ మా స్నేహితుడి ఇంట్లో ఉంటాను" అని చెప్పి వెళ్ళిపోయాడు.

తమ్ముడు వచ్చి వసారాలో కుర్చీలో కూర్చున్నాడు. నేను వంటింట్లో ఉన్నాను. మధ్యలో మరదలు.

"మీ ఆయన్ని అడుగమ్మా, మందు ఇప్పుడు కలపమంటాడా అని."

"మీ వదినకు సెప్పు, నాను కలుపుకుంటాను."

మరదలు ఇద్దరి వైపూ చూసి, "మీ ఇద్దరికీ సెవులున్నాయి. నాకు గంజి వార్చే పని ఉన్నాది" అని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ రోజు మాకు గంజి తేట, వడకట్టిన కొబ్బరినీళ్ళు, చక్కెర నీళ్ళు తప్ప వేరే తిండి లేదు.

పొడి ఒక పెద్ద గిన్నెడు నీళ్ళలో కలిపి గ్లాసు తర్వాత గ్లాసు తాగాలి. ఉప్పగా, నిమ్మకాయ వాసనతో ఉంటుంది. దానితో పాటు తెల్లని మందు ఒక సీసా. పేగులో ఏదైనా మిగిలిపోతే స్కాన్లో అది వేరుగా కనబడడానికి. మొదటి గంట ఏమీ జరగలేదు. తమ్ముడు పేపరు చదివాడు. ఆ తర్వాత పేపరు చదివే అవకాశం ఇద్దరికీ లేకపోయింది.

"ఒరే, తొందరగా రా" అని తలుపు కొట్టాను. ఏడేళ్ళలో నేను అతని ఎదురుగా అన్న మొదటి మాట అదే. ఎదురుగా అంటే మధ్యలో రేకు తలుపు ఉంది.

"ఇప్పుడే కదే వచ్చేను. ఇందాకల నువ్వు పావుగంట కూకున్నావు కాదేటి?"

"నువ్వు తాగినాదే నేనూ తాగేను."

వంటింట్లో మరదలు నవ్వడం వినబడింది. పక్కింట్లో కూడా ఎవరో నవ్వారు.

సాయంత్రం ఆరుగంటలకు రెండో విడత మొదలైంది. అప్పటికి ఇద్దరికీ నీరసం వచ్చింది. నేను పెరట్లో చప్టా మీద కూర్చుని నా వంతు కోసం చూస్తున్నాను. అతను లోపల ఉన్నాడు. పక్కింటావిడ దండెం మీది బట్టలు తీస్తోంది.

"అప్పా, అక్కడే ఉన్నావేటి?" అన్నాడు లోపలి నుంచి.

"ఉన్నాను."

"ఒక మాట అడుగుతాను. నీ కొడుకు వద్దన్నాడు. ఆడి ఇష్టం. ఆడి పెళ్ళి ఆడిది. నువ్వొచ్చి నాకు సెప్పలేకపోనావేటి?"

చప్టా మీదున్న చెంబు పక్కకు జరిపాను.

"పంక్తిలో నలుగురి మధ్యన, నోట్లో ముద్ద ఎట్టుకున్నప్పుడు, ఎవడో సెప్తే వినాలేటి నాను? నువ్వు నెల్లిమర్ల దాకా రాలేవేటి? ఎంత దూరమే అది?"

పక్కింటావిడ చేతిలో చీర పట్టుకుని ఆగిపోయింది.

"మొహం సెల్లలేదురా" అన్నాను.

"ఏటీ?"

"మొహం సెల్లలేదు అంటన్నాను!"

నేను అరవాల్సి వచ్చింది. అలాంటి మాట అరిచి చెప్పడం కష్టం. ఒకసారి అరిచాక దానిలో దాచుకోవడానికి ఇంకేమీ ఉండదు.

లోపల బకెట్టు నీళ్ళు గుమ్మరించిన చప్పుడైంది. తలుపు తీసుకుని వచ్చాడు. పంచె అంచుతో చేతులు తుడుచుకుంటూ, నా వైపు చూడకుండా, "ఎల్లు" అన్నాడు. నేను వెళ్ళక తప్పని స్థితిలో ఉన్నాను. వచ్చేసరికి అతను వసారాలో కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ఆ సంభాషణ అంతటితో అయిపోయింది.

మర్నాడు పొద్దున్నే మరదలితో కలిసి స్కానింగ్ సెంటర్‌కు నడిచే వెళ్ళాం. నన్ను ముందు పిలిచారు. వెనకవైపు తాళ్ళు కట్టుకునే గౌను ఇచ్చారు. బల్ల మీద పక్కకు తిరిగి పడుకోమన్నారు. ఆ అమ్మాయి చెప్పినట్టే రబ్బరు గొట్టం పెట్టినప్పుడు నొప్పేమీ లేదు, ఇబ్బంది మాత్రం ఉంది. తర్వాత గ్యాస్ ఎక్కింది. కడుపు కొంచెం కొంచెంగా బిగిసి, ఎడమ పక్కన పట్టేసినట్టయింది.

"నొప్పి ఎక్కువైతే చెప్పండమ్మా, తగ్గిస్తాను" అంది.

"పరవాలేదమ్మా."

వెల్లకిలా ఒకసారి, బోర్లా ఒకసారి తీశారు. ఊపిరి పీల్చి ఆపమన్నప్పుడు ఆపాను. బల్ల ఆ చక్రం లోంచి వెనక్కీ ముందుకూ జరిగింది. బోర్లా పడుకున్నప్పుడు ఉబ్బిన పొట్ట మీద బరువంతా పడింది. ప్రయోగశాలలో ఎన్నో ఏళ్ళు ఇతరుల పొలాల మట్టిని జల్లించి, తూచి, రంగు చూసి చెప్పాను. నమూనా మాట్లాడదు కాబట్టి ఆ పని బాగుండేది. ఇప్పుడు బల్ల మీద నేనూ మాట్లాడలేదు. పావుగంటలో అయిపోయింది.

బయటికొచ్చి, గ్యాస్ పోయేదాకా కాసేపు హాల్లో కూర్చున్నాను. తమ్ముడిని లోపలికి పిలిచారు. రెండు నిమిషాలు గడిచాయి. అంతలో తలుపు వేసి ఉన్నా హాలంతా వినబడేలా అతని గొంతు వచ్చింది.

"గొట్టం లేదన్నాది కదా మా అప్ప! ఇదేటిది? అప్పా! ఓ అప్పా!"

హాల్లో ఓ పదిమంది ఉన్నారు. అందరూ ఆ అప్ప ఎవరా అని చూశారు. ఆ అమ్మాయి తలుపు తీసి, "మీ తమ్ముడుగారు ఒప్పుకోవడం లేదండీ. ఒకసారి రండి" అంది.

లోపలికి వెళ్ళాను. గౌను వెనకవైపు చేత్తో గట్టిగా పట్టుకుని బల్ల అంచున కూర్చున్నాడు. అరవై దగ్గరపడిన మనిషి. ఆ గౌనులో మోకాళ్ళు చిక్కి కనబడ్డాయి. ఛాతీ మీద వెంట్రుకలు తెల్లబడ్డాయి. నేను అతన్ని సరిగ్గా చూసి ఎంతకాలమైందో అప్పుడు తెలిసింది.

"నీకు ముందే తెలుసునేటి?"

"తెలుసు."

"తెలిసే సెప్పలేదేటి?"

"తెలిసే సెప్పలేదు. సెప్తే నువ్వు రావు. నాకూ ఎట్టేరు, ఏటీ అవలేదు."

"ఇదైనా మొహం మీద సెప్పేవు" అన్నాడు. తర్వాత ఆ అమ్మాయితో, "కానీయమ్మా" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను బయటికి వచ్చేశాను.

గంటన్నర తర్వాత స్కాన్ చూసే డాక్టరు మా ముగ్గురినీ గదిలోకి పిలిచాడు. తెర మీద నా పేగు చూపించాడు. గులాబీ రంగు సొరంగంలా ఉంది, మడతలు మడతలుగా. ఆ రంగు కంప్యూటర్ వేసిందే, నిజంగా అలా ఉండదు అన్నాడు. గొట్టం ఆగిపోయిన మెలిక ఎక్కడుందో, అది దాటాక ఏముందో చూపించాడు. ఏమీ లేదు. గోడలో ఒకటి రెండు చిన్న గుంటలున్నాయట, వయసుతో వచ్చేవి, పట్టించుకోనక్కర లేదన్నాడు.

తర్వాత తమ్ముడిది. అదే గులాబీ సొరంగం. ఒక మలుపు దగ్గర ఆపాడు. గోడ నుంచి లేచి, కాడ మీద నిలబడ్డ బుడిపె ఒకటి కనబడింది.

"పెద్ద శనగగింజంత ఉంది" అన్నాడు. "బోర్లా తీసిన దాంట్లో కూడా ఇదే చోట ఉంది. మలం అయితే కదిలేది. ఇది కండ."

"కేన్సరా సార్?" అని అడిగింది మరదలు.

"బొమ్మ చూసి చెప్పలేమమ్మా. తీసి పరీక్షకు పంపాలి. కోత ఉండదు. కెమెరా గొట్టంతో వెళ్ళి, చిన్న తీగ ఉచ్చు వేసి తీసేస్తారు."

తమ్ముడు తెర వైపు కాకుండా నా వైపు తిరిగాడు. "ఏటైనా కనబడితే గొట్టం ఎయ్యాల్సిందేనని, ఇదీ నీకు తెలుసునేటి?"

"తెలుసు."

"బాగుంది" అన్నాడు.

ఇంటికి వచ్చి తింటాడని పొద్దున్నే అన్నం, పప్పు వండి ఉంచాను. తినలేదు. సంచి తీసుకుని బస్టాండుకు వెళ్ళిపోయాడు. మరదలు స్కాన్ కవరు చంకలో పెట్టుకుని, "ఏటీ అనుకోకండొదినా" అని అతని వెనకే వెళ్ళింది.

తొమ్మిది రోజులు కబురు లేదు. నేను రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. మా ఆయన వెళ్ళివస్తానన్నాడు. వద్దన్నాను. మళ్ళీ ఇంకొకరి చేత కబురు పంపడం నాకు ఇష్టం లేకపోయింది. పదో రోజు నేనే వెళదామనుకుని పెద్దప్పకు చెప్పాను. ఆమె అప్పటికి కీమో ఇంజెక్షన్లలో ఉంది. మూడు వారాలకొకసారి విశాఖపట్నం వెళ్ళి ఎక్కించుకుని వచ్చేది. "నువ్వు ఎల్లకు. ఆడ్ని నాను రమ్మంటాను" అంది.

తమ్ముడు వెళ్ళాడు. అక్కడేం జరిగిందో మరదలు తర్వాత చెప్పింది. పెద్దప్ప తమ్ముణ్ణి మంచం పక్కన కూర్చోబెట్టుకుని, ముందు పంటల సంగతి మాట్లాడిందట. ఆ తర్వాత, "ఒరే, నాను సిగ్గుపడి ఏడాది దాసుకున్నాను. నువ్వు కోపమొచ్చి దాసుకుంటావేటి?" అందట. అన్నం తిని, సాయంత్రం బస్సుకు వచ్చేశాడట.

మర్నాడు పొద్దున్న నాకు ఫోన్ వచ్చింది.

"గుండె డాక్టరు దగ్గరికి ఎల్లాల. ఏ మాత్ర ఆపాలో, ఏది ఆపకూడదో అడగాల. నాకు సగం వినబడదు. నువ్వు రా."

వెళ్ళాను. గుండె డాక్టరు రెండు మాత్రల్లో ఒకటి అయిదు రోజులు ఆపమని, రెండోది ఆపవద్దని కాగితం మీద రాసి ఇచ్చాడు. దారిలో తమ్ముడు ఆ కాగితం నా చేతికిచ్చి, "నీ దగ్గరుంచు" అన్నాడు. మిగతా దారంతా భోగాపురం వైపు వేస్తున్న రోడ్ల గురించి మాట్లాడాడు. ఆటో డ్రైవరు కూడా ఆ మాటల్లో కలిశాడు.

బుడిపె తీసిన రోజున విశాఖపట్నంలో మరదలు లోపల, గది గుమ్మం దగ్గర ఉంది. నేనూ, పార్వతీపురం నుంచి వచ్చిన తమ్ముడి కూతురూ బయట బెంచీ మీద కూర్చున్నాం. పెళ్ళయ్యాక ఆ పిల్లను నేను చూడడం అదే మొదటిసారి. కొంచెం ఒళ్ళు చేసింది. కళ్ళు వాళ్ళ నాన్నవే. కమలాపండు ఒలిచి నాకు సగం ఇచ్చింది.

"అత్తా, నాన్నకి ఉన్నాది కాబట్టి నేను కూడా ఎప్పుడో ఒకప్పుడు సేయించుకోవాలంట కదా?"

"అవునమ్మా. ఏ వయసులో అన్నది డాక్టర్ని అడుగుదాం."

"మీ అబ్బాయికి అక్కర్లేదేటి?"

"వాడూ అడిగి తెలుసుకోవాలి. పెద్దమ్మకు వచ్చింది కదా."

"సెప్పేరా?"

"ఇంకా లేదు."

తొనల మీద పీచు తీస్తూ, మామూలుగానే అంది: "సెప్పండత్తా. ఎవరి సేతా కబురంపకండి."

ఆమె గొంతులో కోపం లేదు. నాకు ఆ పండు తినడానికి చాలాసేపు పట్టింది. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు బస్టాండులో నిలబడి కొడుక్కి ఫోన్ చేశాను. వాడు అన్నీ విని, "సరేనమ్మా, మామయ్యెలా ఉన్నాడు?" అని అడిగాడు. ఏడేళ్ళలో వాడు ఆ ప్రశ్న అడిగాడో లేదో నాకు గుర్తు రాలేదు.

తమ్ముడికి మత్తు దిగాక, తీసింది ఎంతుందని అడిగాడు. మరదలు వేలు కొన చూపించింది. "ఇంతేనేటి?" అన్నాడు. గొట్టం గురించి ఏమీ అనలేదు. మత్తులో అది వేసినట్టే తెలియలేదట.

వారానికి రిపోర్టు వచ్చింది. కేన్సర్ కాదు. వదిలేస్తే ఏళ్ళ మీద అలా మారే రకం. పూర్తిగా తీసేశామని, మూడేళ్ళకు మళ్ళీ చూపించుకోమని రాశారు. తమ్ముడు దాన్ని నాకు ఫోన్లో చదివి వినిపించాడు, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ. ఇంగ్లీషు మాటలు నేను సరిచేశాను. చివర్లో, "అయితే సరే" అని పెట్టేశాడు. ఆ తర్వాత మిల్లులో అతనితో పనిచేసిన ఇద్దరు ముగ్గురు నాకు ఫోన్ చేసి ఈ పరీక్ష గురించి అడిగారు. నా నంబరు అతనే ఇచ్చాడు.

మేం మునుపటిలా అయ్యామని చెప్పను. తమ్ముడు మా ఇంటికి ఆ తర్వాత రెండుసార్లే వచ్చాడు. నా కోడలు ఎదురుపడితే అతనికి ఇప్పటికీ మాట తడబడుతుంది. పెద్దప్పకు ఇంజెక్షన్లు అయిపోయాయి. ఆరు నెలలకొకసారి పరీక్షలకు వెళ్తోంది. గండం గడిచిందని ఏ డాక్టరూ అనలేదు. మేమూ అనుకోవడం లేదు. వచ్చే పరీక్ష దాకా బాగుందని అనుకుంటాం.

పోయిన నెల మేం ముగ్గురం ఊళ్ళో కలిశాం. భోజనాలయ్యాక పొద్దు వాలుతుంటే వంశధార వైపు నడిచాం. పెద్దప్ప మధ్యలో, మేం చెరో పక్క. ఆ ఇంజెక్షన్ల వల్ల ఆమె పాదాలకు స్పర్శ సగం పోయింది. కొంత దూరం పోయాక తమ్ముడు కిందికి చూసి ఆగిపోయాడు. ఆమె కుడికాలికి చెప్పు లేదు. ఎక్కడో వెనక జారిపోయింది. తమ్ముడు గట్టు వెంట వెనక్కి వెళ్ళాడు. చాలాసేపటికి చెప్పు పట్టుకుని వచ్చాడు. వంగి ఆమె పాదానికి అంటిన మట్టి దులిపి, ముల్లేమైనా గుచ్చుకుందా అని తడిమి చూసి, తొడిగాడు.

"ఇంత దూరం ఒంటి సెప్పుతో నడిసీసేవేటే?" అన్నాడు.

"తెలీలేదురా" అంది పెద్దప్ప.

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఏటి దాకా వెళ్ళలేదు. అక్కడి నుంచే వెనక్కి తిరిగాం.